కొలతమ్మ చిటికెన వేలు

తూకం మిషను ముల్లు యాభై ఎనిమిది దగ్గర వణికి, రెండు గీతలు ముందుకు పోయి ఆగింది. కొలతమ్మ దిగింది. చెవుల దిద్దులు తీసి కిటికీలో పెట్టింది. జడలోని పిన్నులు కూడా తీసి పెట్టి మళ్ళీ ఎక్కింది. ముల్లు ఒక గీత వెనక్కి వచ్చింది. అది చాలు. గోడకు వేలాడే అట్ట మీద తేదీ పక్కన అంకె వేసి, దారానికి కట్టిన పెన్సిలు వదిలేసింది. పెన్సిలు గోడకు రెండుసార్లు కొట్టుకుని ఆగింది.

ఆ తూకం ఆమెది కాదు. ఐదో సీటుది.

అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళను వర్క్‌షాపులో ఎవరూ పేరుతో పిలవరు. ఎవరి సీటు నంబరు వాళ్ళ పేరు. పన్నెండు సీట్లు, పన్నెండు మంది. పైన భూమి చుట్టూ తిరుగుతూ ఒక పెద్ద ఓడ వాళ్ళ కోసం ఎదురుచూస్తోంది. దాన్ని పదహారేళ్ళుగా కడుతున్నారు. అందులో ఎక్కినవాళ్ళు ఇక దిగరు. మన సూర్యుణ్ణి వదిలేసి ఇంకో సూర్యుడి దగ్గరికి ప్రయాణం. ఎక్కినవాళ్ళు చేరరు కూడా, దారిలోనే ముసలివాళ్ళైపోతారు. వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, వాళ్ళ మనవలు ఎప్పటికో చేరతారట.

ఆ పన్నెండు మందీ ఈ రోజు సాయంత్రం ఆరింటికి బయలుదేరుతున్నారు.

ఐదో సీటు ఓడకు మరమ్మతు మనిషి. ఓడ బయట ఏదైనా ఊడినా చిరిగినా ఆమే సూటు వేసుకుని బయటికి రావాలి. ఆ సూటును ఆమె కంటే ముందు కొలతమ్మ వేసుకుంటుంది. అదే కొలతమ్మ ఉద్యోగం. ఐదో సీటుకు శిక్షణతోనే పొద్దు చాలదు. గంటల తరబడి నిలబడి ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ వదులైందో చెప్పే తీరిక ఆమెకు లేదు. అందుకని అచ్చం ఆమె కొలతలున్న మనిషి కావలసివచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట కొలతమ్మ వానకోట్ల కంపెనీలో గుండీలు కుట్టేది. టేపు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆమెకు నలభై మూడు కొలతలు తీశారు. మెడ నుంచి మడమ దాకా, మణికట్టు నుంచి చిటికెన వేలి కొస దాకా, నలభై మూడూ సరిపోయాయి. "వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు టేపు పట్టిన మనిషి. అంతకుముందు గాని ఆ తర్వాత గాని ఆమెను ఎవరూ అంత గొప్పగా మెచ్చుకోలేదు.

అప్పటినుంచి తిండి కూడా ఆమెది కాకుండా పోయింది. ఐదో సీటుకు జ్వరం వచ్చి మూడు కిలోలు తగ్గితే, వారంలోగా కొలతమ్మ కూడా మూడు కిలోలు తగ్గాలని కాగితం వచ్చింది. ఐదో సీటు కసరత్తు చేసి భుజం అర అంగుళం పెంచితే కొలతమ్మ ఇసుక సంచులు ఎత్తింది. చెల్లెలి పెళ్ళిలో అందరూ పంక్తిలో కూర్చుంటే తను మంచినీళ్ళు తాగి లేచింది.

"జ్వరం ఆవిడకి, పథ్యం నీకు" అని నవ్వుతాడు మొగుడు. అతను ప్రెస్సులో రాత్రి పని చేసి వచ్చి పగలు పడుకుంటాడు. నలుగురూ చేరినప్పుడు ఇంకో మాట కూడా అంటాడు. "మా ఆవిడ రోజూ అంతరిక్షం గుమ్మం దాకా వెళ్ళి, బస్సెక్కి ఇంటికొచ్చేస్తుంది." అందరూ నవ్వుతారు. కొలతమ్మ కూడా నవ్వుతుంది. నవ్వు అయిపోయాక ఆమె కడుపులో చాలాసేపు మండుతూ ఉంటుంది.

కూతురు అప్పుడే లేచి మంచం మీద కూర్చుంది. లేవగానే ఆ పిల్ల చూసేది ఎదురుగా గోడకు అంటించిన బొమ్మను. నిలువెత్తు బొమ్మ. ఐదో సీటు సూటు వేసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతోంది. ఎడమ మోకాలి దగ్గర కనిపించే అతుకు, కొలతమ్మ ఒరుసుకుంటోందని చెప్పాక వేసినది. చంక కింద కుట్టు మూడుసార్లు విప్పి వేసినది, కొలతమ్మ ఒళ్ళు కమిలాక. బొమ్మ కింద పేరు మాత్రం ఐదో సీటుది. పక్క వేసేటప్పుడు కొలతమ్మ ఆ బొమ్మను మెడ దాకానే చూస్తుంది.

"అమ్మా, ఈ రోజైనా ఆవిడ నీతో మాట్లాడుతుందా?"

"ఆవిడకి తీరికెక్కడిదే?"

"మాట్లాడితే ఒకటి అడుగు. భయమేస్తోందా అని."

"నన్నెప్పుడైనా అడిగావా, భయమేస్తోందా అని?"

కూతురు నిజంగానే ఆలోచించింది. "నీకెందుకమ్మా భయం? సాయంత్రానికి వచ్చేస్తావుగా."

కొలతమ్మ జడ బిగించి అల్లుకుంది. దిద్దులు పెట్టుకోవడం మర్చిపోయి బయలుదేరింది.

వర్క్‌షాపులో కుట్టుగది పొడుగ్గా, తెల్లగా ఉంటుంది. దుమ్ము పడకుండా కిటికీలు మూసేసి సీలు వేశారు. గది మధ్యలో ఇనుప స్టాండుకు సూటు తల లేని మనిషిలా వేలాడుతోంది. దర్జీ బాబాయ్ దాని ముందు ముక్కాలిపీట మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అతని కాలరుకు ఎప్పుడూ మూడు సూదులుంటాయి, మూడింటికీ దారాలుంటాయి.

"రా అమ్మాయ్. ఆఖరి రోజని కన్నీళ్ళు పెట్టకు. సూటు మీద పడితే మళ్ళీ నేనే తుడవాలి."

"నాకేం ఏడుపు బాబాయ్?"

"నీ ఏడుపు నాకు తెలీదూ? ఆవిడ ఫొటో పేపర్లో పడ్డప్పుడల్లా నువ్వు కాళ్ళు విసిరి విసిరి సూటు విప్పుతావు."

కొలతమ్మ సూటు తొడుక్కోవడం మొదలుపెట్టింది. సూటులోకి ముందు కాళ్ళు, తర్వాత నడుము, తర్వాత తల వంచి చేతులు. ఇప్పుడు ఆమె కళ్ళు మూసుకుని కూడా తొడుక్కోగలదు. ఎడమ గ్లౌజు ఎప్పటిలాగే సరిపోయింది. కుడి గ్లౌజులో చెయ్యి పెట్టగానే చిటికెన వేలికి మెత్తగా ఏదో తగిలింది.

చెయ్యి బయటికి తీసి, సన్నటి పటకారు లోపలికి పోనిచ్చి లాగింది. దూది. దారంతో చుట్టి, వేలంత పొడవున చేసిన చిన్న ఉండ. ఒక కొస ఎండిన రక్తంతో గోధుమ రంగులోకి తిరిగింది.

దర్జీ బాబాయ్ అటు తిరిగి దారం ఎక్కిస్తున్నాడు. కొలతమ్మ దూదిని పిడికిట్లో దాచుకుంది. ఒక్క క్షణంలో ఆమెకు అంతా అర్థమైంది.

ఏడేళ్ళ వయసులో ఆమె కుడి చిటికెన వేలు బస్సు తలుపులో పడి నలిగింది. మానేటప్పుడు మధ్య కణుపు దగ్గర కొక్కెంలా వంగిపోయింది. నలభై మూడు కొలతలు తీసిన రోజు, చిటికెన వేలి దాకా వచ్చేసరికి ఆమె ఎడమ అరచేత్తో ఆ వేలిని బల్లకు అదిమిపట్టి చాపింది. టేపు పట్టిన మనిషి పొడవు చూశాడే గాని వంకర చూడలేదు. తర్వాత మొదటి గ్లౌజు తొడిగినప్పుడు ఆ వేలు నొప్పి పెట్టింది. "ఇక్కడ నొక్కుతోంది బాబాయ్" అంది. బాబాయ్ అక్కడ వదులు చేశాడు. ఇంకా నొక్కుతోందంటే కొంచెం వంపు పెట్టాడు. గ్లౌజులు కత్తిరించే అచ్చుకాగితం కూడా అలాగే మార్చుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ అచ్చుతోనే కుడుతున్నాడు. ఆ వంపులో ఇంకో మనిషి వేలు దూరాలన్న సంగతి ఈ తొమ్మిదేళ్ళలో కొలతమ్మకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఐదో సీటు వేలు తిన్ననిది. వంపు దగ్గర గుడ్డ మడత పడి ఆ వేలిని కొరుకుతోంది. ఆమె ఎవరికీ చెప్పకుండా దూది కుక్కుకుంటోంది.

కొలతమ్మకు ముందు సంతోషం కలిగింది. దాచుకోలేనంత సంతోషం. ఇన్నాళ్ళూ తను ఆమె తూకం మోసింది, ఆమె తన వంకర వేలు మోసింది! దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ వేలు వెళ్తుంది. బొమ్మ కింద పేరు ఎవరిదైనా కానీ, ఇంకో సూర్యుడి దాకా వెళ్ళే సూటులో కొలతమ్మ చిటికెన వేలు ఉంటుంది.

దూదిని తిరిగి గ్లౌజులో పెట్టేసింది. తనిఖీ కాగితం మీద "ఇబ్బంది ఏమైనా ఉన్నదా?" అన్న చోట ఎప్పటిలాగే "లేదు" అని రాసి సంతకం పెట్టింది. అందులో అబద్ధం లేదు. ఆమెకు ఇబ్బందేమీ లేదు.

పదింటికి అందర్నీ గాజు గోడ దగ్గరికి పిలిచారు. జలుబూ దగ్గూ అంటకుండా ప్రయాణికులు గోడకు అటుపక్క, పనివాళ్ళు ఇటుపక్క. రెండు పక్కలా ఫోన్లు పెట్టారు. మనిషికి ఒక్క నిమిషం. ఐదో సీటు వరసలో ఎవరినో వెతుక్కుంటూ వచ్చి కొలతమ్మ ఎదుట ఆగింది. బొమ్మలో కంటే పెద్దదానిలా ఉంది. చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు. అవి చూసి కొలతమ్మకు కాస్త హాయి అనిపించింది.

"మీరేనా నా కొలత?" అని ఫోనులో అడిగింది.

"అవునండి."

"నలభై మూడూ సరిపోయాయటగా?"

"వెంట్రుకవాసి తేడా లేదండి." నోరు అలవాటు కొద్దీ అనేసింది.

అప్పుడు చూసింది. ఐదో సీటు నాలుగు వేళ్ళతోనే ఫోను పట్టుకుంది. చిటికెన వేలు దేనికీ తగలకుండా ఎత్తిపెట్టి ఉంది. దానికి పట్టీ, పట్టీ అంచున ఎర్రటి చర్మం. ఐదో సీటు కళ్ళు కూడా కొలతమ్మ చేతి మీదే ఉన్నాయి. ఫోను పట్టుకున్న చెయ్యి, కొక్కెంలాంటి వేలు.

"ఓహో, అదా సంగతి!" అని ఐదో సీటు మెల్లగా నవ్వింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"ఏమని చెప్పను? మీకు సరిపోయింది నాకు సరిపోలేదంటే గ్లౌజుది తప్పనరు. నా చెయ్యి మారిందంటారు. డాక్టర్లు పట్టుకుని కూర్చోబెడతారు. నా సీటు కోసం ఒకమ్మాయి ఆరు నెలలుగా పెట్టె సర్దుకుని రెడీగా ఉంది." గొంతు తగ్గించింది. "మీరూ చెప్పకండి. పర్లేదు, వేలికేముంది, అదే అలవాటు పడుతుంది."

నిమిషం అయిపోయింది. ఫోనులో మాట తెగిపోయింది.

కుట్టుగదికి తిరిగి వెళ్ళే దారిలో తనిఖీ మేడమ్ గది ఉంది. తలుపు తీసే ఉంది. లోపల ఆమె కాగితాలు వరసగా పేర్చుకుంటోంది. కొలతమ్మ ఆ గుమ్మం ముందు ఆగింది. ఒక్క మాట చాలు. ఐదో సీటు వేలికి పుండు ఉందండీ అంటే చాలు. సాయంత్రం ఆ సీటులో ఇంకెవరో కూర్చుంటారు. ఐదో సీటు కూడా అందరిలా బస్సెక్కి ఇంటికి పోతుంది. గోడ మీది బొమ్మ ఊడుతుంది. తొమ్మిదేళ్ళ మంట ఒక్క మాటతో చల్లారుతుంది.

"ఏంటి, ఏమైనా కావాలా?" మేడమ్ తలెత్తింది.

కొలతమ్మ నోరు తెరిచింది. ఆ క్షణాన ఆమెకు ఐదో సీటు ముఖం గుర్తు రాలేదు. గ్లౌజు గుర్తొచ్చింది. ఓడ బయట, గాలి లేని చోట, ఆరు గంటలు ఇనుప కమ్మీ పట్టుకుని వేలాడితే వంపు దగ్గర మడత ఎలా కొరుకుతుందో ఆమెకు తెలుసు. ముందు దూది అరుగుతుంది. తర్వాత చర్మం. తర్వాత లోపలి గుడ్డ. చిరిగితే కుట్టడానికి అక్కడ దర్జీ బాబాయ్ ఉండడు. జాలి మాత్రం కలగలేదు. ఐదో సీటు మీద ఉన్న కుళ్ళు ఉన్నట్టే ఉంది. కానీ తన ఒంటి మీదుగా వెళ్ళిన బట్ట ఏదీ ఇంతవరకూ సరిపోకుండా ఈ గుమ్మం దాటలేదు.

"ఏం లేదండి" అని నడిచింది.

కుట్టుగదిలో బల్ల మీద కుడి చెయ్యి చాపి పెట్టింది.

"బాబాయ్, నలభై మూడు కాదు. నలభై రెండే."

దర్జీ బాబాయ్‌కి అర్థం కాలేదు. ఆమె ఎడమ చేత్తో వేలిని అదిమి చాపి చూపించింది. వదలగానే వేలు మళ్ళీ వంగింది. అతను కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఆమె గ్లౌజులోంచి దూది తీసి చూపించి, మళ్ళీ ఆ వేల్లోనే పెట్టేసింది.

"తొమ్మిదేళ్ళు! నా ముక్కు ముందు తొమ్మిదేళ్ళు పెట్టావే ఈ చెయ్యి! నేను దర్జీనా, గుడ్డివాణ్ణా? వెంట్రుకవాసి తేడా లేదని ఊరంతా చెప్పుకు తిరిగితివి కదే తల్లీ!"

"తిట్టు బాబాయ్. కుడుతూ తిట్టు. రెండింటికి సీలు వేసేస్తారు."

సీలు పడేదాకా కుట్టు దర్జీ చేతిలోదే, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ మార్చిన ప్రతి కుట్టునూ గాలిపెట్టెలో అరగంట వేసుకుని చూసి కొలతమ్మ సంతకం పెట్టాలి. అది రూలు. దర్జీ బాబాయ్ సూది పట్టుకుని ఆగిపోయాడు.

"నేను సరిగ్గా కుడితే ఆవిడకి సరిపోతుంది. నీకు సరిపోదు. నీకు సరిపోకపోతే పాసవదు. ఎలాగే?"

"పాసవుతుంది. నువ్వు కుట్టు."

అతను పై అర మీంచి ఐదో సీటు చేతి అచ్చు దించాడు. సున్నపు చెయ్యి, తొమ్మిదేళ్ళ దుమ్ము. ఊదితే ఐదు తిన్నని వేళ్ళు బయటపడ్డాయి. పాత చిటికెన వేలిని కత్తెరతో గ్లౌజు మొదట్లోంచి కోసేశాడు. కొత్త గుడ్డ ఆ సున్నపు వేలికి చుట్టి, పొర మీద పొర కుట్టడం మొదలుపెట్టాడు. కుట్టినంతసేపూ తిట్టాడు. ఒంటిగంట దాటాక తిట్లు ఆగి, పళ్ళతో దారం తెంపిన చప్పుడైంది.

గాలిపెట్టె మనిషి పట్టేంత ఇనుప గది. తలుపు బిగించి సూటులోకి గాలి నింపగానే అది ఉబ్బి కొయ్యలా గట్టిపడింది. కొత్త వేలు కొలతమ్మ వేలిని లోపలికి లాక్కుని తిన్నగా చాపడం మొదలుపెట్టింది. ముప్ఫై మూడేళ్ళుగా వంగి ఉన్న కణుపు కదలనంది. గుడ్డ ఊరుకోలేదు. మోచేతి దాకా నొప్పి పాకింది, అక్కణ్ణుంచి చెవి దాకా. పిడికిలి యాభైసార్లు మూసి తెరవాలి. పదకొండు. ఎంత నొప్పి ఉంటే కొలత అంత సరిగ్గా ఉన్నట్టు అనుకుంది. ఇరవై. ఈ లెక్కన బాబాయ్ బ్రహ్మాండంగా కుట్టాడు. ముప్ఫై. ఐదో సీటుకు ఇది ఎంత సుఖంగా ఉంటుందో అనుకోగానే ఒళ్ళు మళ్ళీ మండింది. ఆ మంటతోనే మిగతా ఇరవై లెక్కపెట్టింది.

చిన్న కిటికీలోంచి తనిఖీ మేడమ్ అడిగింది. "ఇబ్బంది ఏమైనా ఉందా?"

"లేదండి."

"మరి కళ్ళల్లో నీళ్ళేంటి?"

"వెళ్ళిపోతున్నారు కదండీ ఈ రోజు."

"అవును పాపం, పొద్దుట్నుంచి అందరిదీ అదే పరిస్థితి" అని మేడమ్ తనూ కళ్ళు తుడుచుకుంది.

కొలతమ్మ బయటికి వచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్ను ఇరికించి, "లేదు" అని రాసింది. రెండింటికి సూటుకు సీలు పడింది. ఇద్దరు మనుషులు దాన్ని బండి మీద తోసుకుపోయారు. ఇనుప స్టాండు ఖాళీగా మిగిలింది.

దర్జీ బాబాయ్ చెత్తబుట్ట మీదికి వంగి ఏదో ఏరి ఆమె ఎడమ చేతిలో పెట్టాడు. "ఇది నీది. ఇంకెవరికీ సరిపోదు."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంటికి చేరేసరికి అయిదున్నర. కూతురు మేడ మెట్ల మీద కాచుకుని ఉంది.

"మాట్లాడిందా అమ్మా?"

"మాట్లాడింది."

"ఏమంది? భయమేస్తోందా అని అడిగావా?"

"మర్చిపోయాను."

"అబ్బా అమ్మా! ఒక్కటంటే ఒక్కటి చెప్పా!"

మేడ మీదికి మొగుడు కూడా నిద్ర కళ్ళతో వచ్చాడు. చుట్టుపక్కల మేడలన్నిటి మీదా జనం. ఆరయ్యేసరికి మొదట కిటికీ అద్దాలు గలగలమన్నాయి, తర్వాత చప్పుడు వచ్చింది. ఇళ్ళ వెనక నుంచి తెల్లటి చుక్క ఒకటి లేచి, పొడుగ్గా పొగ గీసుకుంటూ పైకి పోయింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. చుక్క సన్నబడింది. కూతురు ఏడుస్తూ అమ్మ చెయ్యి పట్టుకుంది. పట్టుకోగానే కొలతమ్మ ఉలిక్కిపడింది.

"వేలేంటమ్మా ఇలా వాచింది?"

"తలుపులో పడింది."

"ఎప్పుడూ ఆ వేలేనా నీకు?" కూతురు ఆ వేలిని నోటి దగ్గరికి తెచ్చుకుని ఊదింది. ఊదుతూనే కళ్ళు మాత్రం పైకే పెట్టింది. కొలతమ్మ ఆకాశం చూడడం మానేసి కూతురి కళ్ళు చూసింది. వాటిలో ఇంకా ఆ చుక్కే ఉంది.

కాసేపటికి అదీ పోయింది. జనం మెట్లు దిగారు.

కొలతమ్మ టీ పెట్టుకుని రెండు చెంచాల చక్కెర వేసింది. ఆగి, మూడోది కూడా వేసింది. రేపటి తూకం ఎంత ఉండాలో ఇక ఏ కాగితమూ రాదు. గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్ళి, మిషనును కాలితో మంచం కిందికి తోసింది. పొద్దున తీసిన దిద్దులు కిటికీలోనే ఉన్నాయి. కొంగు ముడి విప్పి, బాబాయ్ ఇచ్చింది వాటి పక్కన నిలబెట్టి, దిద్దులు పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కిటికీలో, రక్తపు మరక దూది లోపలే ఉండగా, తెల్లటి గుడ్డ వేలు ఒకటి మధ్య కణుపు దగ్గర కొంచెం వంగి, గది వైపు తిరిగి ఉంది.